టైరు పెద్దగైతే బండి పెద్దగైతదా?

2025 సెప్టెంబర్ 22 నుంచి కొత్త టైర్ల మీద జీఎస్టీ 28 శాతం కెల్లి 18 శాతానికి దిగింది. ట్రాక్టర్ టైర్లకు 18 పోయి 5 వచ్చింది. గూడ్స్ బండ్ల మీద సుత 28 పోయి 18 అయింది. లెక్క ప్రకారం, అంతకు ముందు పన్నుతో కలిపి 12,800 రూపాయలు పడ్డ జత టైర్లు 11,800కు రావాలె. దుకాణపాయన ఆ వెయ్యి రూపాయలు మనకు ఇడిసిపెట్టిండా, సగం గల్లాపెట్టెల ఏసుకున్నడా అన్నది వేరే ముచ్చట.

నేను మాట్లాడదామనుకున్నది ఆ మిగిలిన పైసల గురించి. మన మండలాలల్ల పికప్ బండ్లు నడిపే పోరగాండ్లు టైర్ల షాపు కాడికి పోయి ఏమంటుండ్రంటె, "పన్ను తగ్గింది కదన్నా, ఒక సైజు పెద్దవి ఏద్దాం." షాపాయన వద్దంటడా? టైర్లు అమ్ముకుంటడు, కొత్త రిమ్ములు అమ్ముకుంటడు, పాత రిమ్ములు తక్కువకు గుంజుకుంటడు. సర్కారు ఇచ్చిన తగ్గింపు అట్లనే రబ్బరు కింద పోతున్నది. పైకెల్లి ఇంకో రెండు మూడు కిస్తీల పైసలు పోతున్నయి.

పెద్ద టైర్లు ఏసేటోళ్లు రెండు తీర్లు. ఒకల్లు లుక్ కోసం ఏసేటోళ్లు. ఇంకొకల్లు లోడు కోసం ఏసేటోళ్లు. లుక్ వాళ్ల గురించి తర్వాత రెండు మాటలు చెప్త, అది పెద్ద సమస్య కాదు. లోడు కోసం ఏసేటోళ్ల బతుకే నా రంది.

ఈ బండ్లు ఎవలవి? డిగ్రీ అయిపోయి నోటిఫికేషన్ల కోసం నాలుగేండ్లు ఎదురుచూసి, ఆఖరికి ఫైనాన్స్ల బండి తెచ్చుకున్నోళ్లవి. 2021ల దళితబంధు మొదలైనప్పుడు 10 లక్షల యూనిట్ కింద శానామంది బండ్లే తీసుకున్నరు, ఎందుకంటె తెల్లారి నుంచే పైసలు తెచ్చే ఆస్తి అదొక్కటే కండ్లకు కనపడ్డది. 2024 నవంబర్ 6న సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జిల ధర్మాసనం ఇంకో తలుపు తీసింది. మామూలు కారు లైసెన్స్, అంటే ఎల్ఎంవీ ఉన్నోళ్లు 7,500 కిలోల లోపు ట్రాన్స్‌పోర్ట్ బండి నడపొచ్చు, దానికి వేరే అనుమతి అక్కర లేదు అన్నది. 2017ల ముకుంద్ దేవాంగన్ కేసుల ఇచ్చిన తీర్పునే ఖాయం చేసింది. మంచి తీర్పే. ఇన్సూరెన్స్ కంపెనీలు "డ్రైవర్‌కు బ్యాడ్జి లేదు" అనే సాకుతోని క్లెయిములు ఎగ్గొట్టుడు తగ్గుతది.

కానీ ఊరికి రెండు బండ్లున్న కాడ పది బండ్లయినయి. పంట మాత్రం గంతే పండుతది. అడ్తి కాడ, మిల్లు కాడ, కూరగాయల మండీ కాడ బండ్లు లైన్ కట్టి నిలబడ్డయి. కిరాయి ఎవలు చెప్తరు? సరుకున్నాయన చెప్తడు. "ఆయన 60 బస్తాలు ఏస్కపోతడట, నువ్వేమో 42 అంటవు" అంటడు. ఆ ఒక్క మాట మనోన్ని టైర్ల షాపు కాడికి నడిపిస్తది.

లెక్క కోసం ఒకటి అనుకుందాం. 1.7 టన్నుల పేలోడ్ ఉన్న పికప్, 40 కిలోల వడ్ల బస్తాలు. న్యాయంగ 42 బస్తాలు పడతయి. ట్రిప్పుకు 3,000 అని మాట్లాడుకుంటే బస్తాకు 71 రూపాయలు పడ్డట్టు. అదే బండ్ల 70 బస్తాలు ఏస్తే బస్తాకు 43. ఆ 28 రూపాయలు ఎవలకు మిగిలినయి? బండాయనకు కాదు, ఆయనకు గప్పుడు ఇప్పుడు 3,000లే. పెద్ద టైర్లకు పెట్టిన పైసలు, ఎక్కువ తాగిన డీజిల్, ముందుగాల అరిగిన క్లచ్ ప్లేటు అన్నీ ఆయన లెక్కలకే. మిగులు మాత్రం సరుకుతోని పోయింది. నన్నడిగితే పికప్ డ్రైవర్ వ్యాపారికి ఇస్తున్న సబ్సిడీ అంటె ఇదే, దీనికి జీవో లేదు, లబ్ధిదారుల లిస్టు లేదు.

ఇగ అసలు ప్రశ్నకు వద్దాం. టైరు పెద్దగైతే లోడు ఎక్కువ మోస్తదా?

నేను ఇంజినీర్‌ను కాదు. టైరు మీది అంకెలు పంక్చర్ షాపుల కూసోని నేర్సుకున్న, చట్టం ఆర్టీఏ ఆఫీసు బయట చెట్టు కింద ఫారాలు నింపుకుంట నేర్సుకున్న. మీరు సుత ఇప్పుడే బయటికి పోయి మీ బండి టైరు పక్కకు గుంజీళ్ల మీద కూసోండ్రి. 215/75 ఆర్15 లాంటిది రాసి ఉంటది. 215 అంటె టైరు వెడల్పు, మిల్లీమీటర్లల్ల. 75 అంటె టైరు గోడ ఎత్తు ఆ వెడల్పుల 75 శాతం. ఆర్ అంటె రేడియల్. 15 అంటె రిమ్ము 15 అంగుళాలు. అందరు ఇంతవరకే సదువుతరు. అసలు ముచ్చట దాని ఎనుక ఉంటది. 100, 104, 106 లాంటి ఒక అంకె, దాని పక్క ఒక అచ్చరం. ఆ అంకెనే లోడ్ ఇండెక్స్. అది కిలోలు కాదు, కోడు. 98 అంటె ఒక్క టైరు 750 కిలోలు మోస్తది. 100 అంటె 800. 104 అంటె 900. 106 అంటె 950. 109 అంటె 1,030. 112 అంటె 1,120. పక్కనున్న అచ్చరం స్పీడుది. కొన్ని టైర్ల మీద 106/104 అని రెండంకెలు ఉంటయి. మొదటిది సింగిల్ టైరుకు, రెండోది ఎనుక జంట టైర్లు ఉన్న బండ్లకు.

ఇప్పుడు రెండు టైర్లు పక్కపక్కన పెట్టి సూడుండ్రి. ఒకటి 195 ఆర్15, కమర్షియల్ టైరు, 8 ప్లై రేటింగ్, లోడ్ ఇండెక్స్ 106. దీని ఎత్తు దగ్గెర దగ్గెర 70 సెంటీమీటర్లు. ఇంకోటి 235/75 ఆర్15, పెద్ద కార్లకు ఏసేది, లోడ్ ఇండెక్స్ 105. దీని ఎత్తు 73 దాటుతది, వెడల్పు నాలుగు సెంటీమీటర్లు ఎక్కువ. ఎదురుంగ నిలబెడితే రెండోది పెద్దన్న లెక్క కనపడతది. మోసేది మాత్రం 925 కిలోలు. చిన్నగ కనపడే మొదటిది 950 మోస్తది. నాలుగు టైర్ల మీద 100 కిలోలు తక్కువ! పైసలు పెట్టి బలం తగ్గిచ్చుకున్నట్టు అయింది.

ఇట్ల ఎందుకైతదంటె, బరువు మోసేది రబ్బరు కాదు, లోపలున్న గాలి. ఆ గాలిని పట్టి ఉంచేది టైరు లోపలి పొరలు. గూడ్స్ టైరు గట్టి పొరలతోని ఎక్కువ గాలి పట్టేటట్టు చేస్తరు, 65 పీఎస్ఐ దాకా పట్టే టైర్లు ఉంటయి. కారు టైరు మెత్తగ పోవుటానికి చేస్తరు, శానా వాటి మీద 44 గనో 51 గనో గరిష్ఠం అని రాసుంటది. కారు టైరుల పికప్ గాలి కొడితే అది ఎండాకాలం నాలుగు లేన్ల రోడ్డు మీద ఏం చేస్తదో మీకు తెలుసు. తక్కువ కొడితే గోడలు మడతపడి ఉడుకెక్కుతది, అప్పుడు సుత గదే కథ.

ఇంకొకటి. ఈ పెద్ద టైర్లు శానామంది కొత్తవి కొనరు. పట్నంల పెద్ద కార్లకెల్లి తీసిన పాత టైర్లు, పాత అల్లాయ్ రిమ్ములు సగం ధరకు దొరుకుతయి. పూలు ఇంకా మంచిగనే ఉన్నయని తీస్కుంటరు. టైరు గోడ మీద గుండ్రటి డబ్బల నాలుగు అంకెలు ఉంటయి. 2318 అంటె 2018ల 23వ వారం చేసిన టైరు. పూలు అరగకున్నా రబ్బరుకు ముసలితనం వస్తది, ఎండల నిలబడ్డ కారు టైరుకు ఇంకా జల్ది వస్తది. రిమ్ము సంగతి సుత అంతే. కారు అల్లాయ్ రిమ్ము కారు బరువుకు చేసింది. బోల్టుల బొక్కలు కలిసినయంటె బరువు కలిసినట్టు కాదు. రిమ్ము బయటికి తోసుకొని వచ్చేటట్టు ఏస్తరు కొందరు, లేదంటె మధ్యల స్పేసర్ ఏస్తరు. సూడటానికి బండి కాళ్లు ఎడంగ పెట్టి నిలబడ్డట్టు ఉంటది. కానీ బరువు పడే జాగ హబ్బుకు దూరం జరుగుతది, బేరింగ్ మీద పీకులాట పెరుగుతది.

సరే, ఒకలు తెలివిగ కొన్నరనుకుందాం. సైజు పెద్దది, లోడ్ ఇండెక్స్ సుత ఎక్కువనే. అప్పుడు లోడు పెంచొచ్చా? పెంచరాదు. బండి మోసే బరువు టైరు ఒక్కటే తేల్చదు. యాక్సిల్ ఉన్నది, హౌసింగ్ ఉన్నది, కమాన్ పట్టీలు ఉన్నయి, బేరింగులు, ఛాసిస్, బ్రేకులు ఉన్నయి. అండ్ల అన్నిటికన్నా బలహీనమైనది ఎంత మోస్తదో బండి అంతే మోస్తది. ఇంకో కమాన్ పట్టీ ఏపిస్తమంటరు. కమాన్ గట్టిపడితే బండి కిందికి దిగది, కానీ బరువు ఎటు పోతది? యాక్సిల్ మీదికే పోతది. ఎప్పుడో ఒక రాత్రి కల్వర్టు కాడ హబ్ ఊడి, బండి ఒక దిక్కు, టైరు ఒక దిక్కు పోతయి.

బ్రేకుల లెక్క శానామందికి తెల్వది, అందుకే జర నిమ్మళంగ చెప్త. 215/75 ఆర్15 టైరు ఎత్తు 703 మిల్లీమీటర్లు. దాన్ని తీసి 265/75 ఆర్15 ఏసినమనుకోండ్రి. దీని ఎత్తు 778. అంటె పదకొండు శాతం దాకా పెరిగింది. బ్రేకు డ్రమ్ము గదే, లైనర్లు గవే, మన కాలు తొక్కే జోరు గదే. కానీ రోడ్డును పట్టే జాగ యాక్సిల్ నడిమిట్ల కెల్లి దూరమైంది. గడ్డపార పొడుగు పెరిగితే చివరకు పట్టుకున్నోనిది పైచేయి అయితది కదా, ఇక్కడ రోడ్డుది పైచేయి అయితది. అదే తొక్కుడుకు బ్రేకు పట్టు సుమారు పది శాతం తగ్గుతది. లోడేమో పెంచినం. బ్రేకేమో తగ్గించినం.

గట్లనే గుంజుడు సుత పది శాతం తగ్గుతది. అందుకే లోడు మీద ఎత్తు ఎక్కేటప్పుడు హాఫ్ క్లచ్ల కొట్టుకుంట ఎక్కియ్యాలె. క్లచ్ వాసన వస్తుందంటె అది కంపెనీ తప్పు అని తిట్టుకుంటరు మనోళ్లు.

ఇగ మీటర్. మీటర్ లెక్క వేసేది చక్రం ఎన్నిసార్లు తిరిగిందని. చక్రం పెద్దగైందని దానికి ఎవలు చెప్పలేదు. మీటర్ 60 సూపెట్టినప్పుడు బండి నిజంగ 66 మీద పోతుంటది. గూడ్స్ బండికి 80 కాడ ఆపే స్పీడ్ గవర్నర్ ఉంటది కదా, అది 80 అనుకునే టైముకు బండి 88 మీద ఉంటది. ఇంకో నష్టం సూడుండ్రి. నిజంగ 1,000 కిలోమీటర్లు తిరిగితే మీటర్ మీద 904 మాత్రమే ఎక్కుతది. మీటర్ రీడింగ్ సూపెట్టి కిరాయి తీసుకునేటోళ్లు ప్రతి వెయ్యికి 96 కిలోమీటర్లు ఉత్తగ తిరిగినట్టు. ఆయిల్ మార్చుడు సుత ఆలస్యమైతది.

ఎత్తు ఎంత పెరిగిందంటారా? ఇంత చేస్తే బండి పైకి లేసింది నాలుగు సెంటీమీటర్ల కన్నా తక్కువ. దాని మీద మిర్చి బస్తాలు, పత్తి లాంటి తేలిక సరుకు ఆకాశమంత ఎత్తు కట్టి, ఆ పైన ఇద్దరు కూలీలు కూసుంటరు. మూల మలుపు కాడ బండి ఒరిగితే మొదలు పోయేది పైనున్న మనుషులు. గూడ్స్ బండ్ల ఉత్తగ ఎక్కిన మనుషులకు ఇన్సూరెన్స్ కంపెనీ బాధ్యత లేదని 2002ల ఆశారాణి కేసుల సుప్రీంకోర్టు తేల్చేసింది. సరుకు ఓనర్ సరుకుతోని వస్తే 1994 సవరణ తర్వాత లెక్కల ఉంటడు. కూలీకి పోయే ఆడోళ్లు ఉండరు.

చట్టం సంగతి సూద్దాం. టైరు సైజు మన ఇష్టం అనుకుంటరు శానామంది. సొంత కారుకు ఎట్లున్నా, ట్రాన్స్‌పోర్ట్ బండికి అట్ల కాదు. 1988 మోటారు వాహనాల చట్టం 58వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ చేసే అధికారి బండి ఖాళీ బరువు, మొత్తం బరువు, యాక్సిల్ బరువులతోని పాటు ఒక్కో చక్రానికి ఉన్న టైరు సైజు సుత రికార్డుల ఎక్కియ్యాలె. టైరు సైజుకు, బరువుకు సంబంధం ఉన్నదని చట్టం ఒప్పుకుంటది. కాకపోతే ఆ సంబంధం తేల్చేది సర్కారు, బండి తయారు చేసిన కంపెనీ. టైర్ల షాపాయన కాదు.

52వ సెక్షన్ ఏమంటదంటె, తయారీదారు చెప్పిన వివరాలకు తేడా వచ్చేటట్టు ఓనర్ బండిని మార్చరాదు. 2019 జనవరిల కేరళ కెల్లి వచ్చిన కేసుల సుప్రీంకోర్టు దీన్నే గట్టిగ చెప్పింది. అదే ఏడు వచ్చిన సవరణల 182ఏ సెక్షన్ పెట్టిండ్రు. అనుమతి లేని మార్పు చేస్తే ఒక్కో మార్పుకు 5,000 జుర్మానా, లేదంటె ఆరు నెలల దాకా జైలు, లేదంటె రెండూ. అండ్ల రాసింది "ఓనర్" అని. ఏసిన షాపాయన పేరు ఆ వాక్యంల లేదు. ఏపించిన వ్యాపారి అసలే లేడు.

అదే మోడల్ల పై వేరియంట్‌కు కంపెనీనే ఇచ్చే సైజు అయితే ఆ సంగతి వేరు. కంపెనీ పుస్తకంల ఆ సైజు ఉన్నదా అని సూసుకొని, ఆర్టీఏల అడిగి రికార్డుల ఎక్కిచ్చుకున్నోళ్లకు రంది లేదు. గట్ల చేసినోన్ని నేను ఒక్కన్నే సూసిన, ఆయన సుత మిలిటరీల డ్రైవర్ చేసి వచ్చినాయన.

మిగిలినోళ్లు చేసేది ఏందంటె, ఫిట్‌నెస్ రోజు పాత టైర్లు కిరాయికి తెచ్చి ఏసుకొని బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు బండి నిలబెడతరు. సాయంత్రం మళ్ల పెద్దవి ఎక్కిస్తరు. ఇది అందరికి తెలిసిన గుట్టే. బండి మంచిగ ఉన్నప్పుడు ఈ గుట్టు నడుస్తది. యాక్సిడెంట్ అయిన రోజు సర్వేయర్ వచ్చి మొదలు ఫోటో తీసేది టైర్లదే. సొంత బండి నష్టం క్లెయిము తిరస్కరించటానికి ఆయనకు అది చాలు. అవతలోళ్లకు కంపెనీ పరిహారం కట్టినా, పాలసీ షరతు తప్పినవని మళ్ల మన మీదికి వసూలుకు రావొచ్చు. బండి తుక్కయితది, ఫైనాన్స్ కిస్తీ మాత్రం నెల నెలకు వస్తనే ఉంటది.

ఓవర్‌లోడ్‌కు 194వ సెక్షన్. 20,000 రూపాయలు, పైన ఎక్కువైన ఒక్కో టన్నుకు 2,000. ఎక్కువ సరుకు దించిందాక బండి కదలరాదు, దించిన ఖర్చు సుత మనదే. రోడ్డు మీద అధికారి రాసే కాంపౌండింగ్ రుసుము రాష్ట్రాన్ని బట్టి మారుతది, కానీ చట్టంల అంకె ఇది. మనం పైన అనుకున్న 70 బస్తాల బండి 1,100 కిలోలు ఎక్కువ మోస్తున్నది. 3,000 కిరాయికి 20,000 కేసు! ఏడు ట్రిప్పులు పోయినట్టే.

ఈ 194ల ఒక మాట ఉన్నది, దాన్ని ఎవలు సదువరు. బండి నడిపినోడే కాదు, అట్ల నడిపించినోడు, నడవనిచ్చినోడు సుత శిక్షకు లోబడతడని ఉన్నది. 70 బస్తాలు ఎక్కించకపోతే కిరాయి లేదన్నాయన నడిపించినోడు కాదా? ఇన్నేండ్లల్ల ఒక్క అడ్తిదారు మీద, ఒక్క మిల్లు ఓనర్ మీద ఈ సెక్షన్ కింద కేసు రాసింది నేనైతే సూడలే. బండి తాళం ఎవల చేతుల ఉంటే వాళ్లకే చట్టం.

ఇక్కడ మన తమ్ముండ్లు నన్ను ఆపి అడుగుతరు. "అన్నా, లోడు ముచ్చట సరే. మా ఊరి రోడ్డు సూసినవా? గుంతలల్ల బండి కింద తాకుతున్నది. పెద్ద టైర్లు ఏయకపోతే ఎట్ల?" న్యాయమైన ప్రశ్ననే. దీనికి జవాబు టైరుల లేదు, ఆ గుంత ఎవలు చేసిండ్రు అన్న కాడ ఉన్నది.

1958 కెల్లి 1960 దాకా అమెరికాల ఇల్లినాయ్ రాష్ట్రంల రోడ్ల మీద లారీలను రాత్రింబగళ్లు తిప్పి ఒక పెద్ద పరీక్ష చేసిండ్రు. అండ్లకెల్లి ఇంజినీర్లకు ఒక అందాజ లెక్క దొరికింది. యాక్సిల్ బరువు పెరిగితే రోడ్డుకు జరిగే నష్టం దానికి నాలుగో ఘాతంల పెరుగుతది. అంటె బరువు రెండింతలైతే నష్టం పదహారింతలు. 2 టన్నుల యాక్సిల్ ఉన్న పికప్, 10 టన్నుల యాక్సిల్ ఉన్న లారీ తీసుకోండ్రి. ఆ లారీ యాక్సిల్ ఒక్కసారి పోతే రోడ్డుకు జరిగే నష్టం, ఈ పికప్ యాక్సిల్ 625 సార్లు పోయినంత. ఊరి రోడ్డు ఏసింది ట్రాక్టర్లకు, ఆటోలకు, రోజుకు రెండు బస్సులకు. దాని మీద ఇసుక లారీలు, గ్రానైట్ లారీలు, కంకర టిప్పర్లు తిరుగుతున్నయి. 2018 జూలైల కేంద్రం నాలుగు టైర్ల యాక్సిల్ పరిమితిని 10.2 టన్నుల కెల్లి 11.5 టన్నులకు పెంచింది. సూడటానికి పెరిగింది పదమూడు శాతం లోపే. నాలుగో ఘాతంల లెక్క కడితే నష్టం అరవై శాతం ఎక్కువ. ఆ అరవై శాతానికి సరిపోను ఊరి రోడ్ల మందం పెంచిండ్రా?

రోడ్డు చెడగొట్టింది ఒకలు. ఆ గుంతల బండి తాకకుండ సొంత పైసలతోని పెద్ద టైర్లు కొన్నది ఇంకొకలు. కొన్నాయన మీదనే 182ఏ కేసు. ఇసుక ఏలం ఎవలకు పోతదో, టిప్పర్లు ఎవలవో మీ మండలంల మీకే ఎరుక, నేను పేర్లు చెప్పే పని లేదు. అట్లని పికప్ ఓవర్‌లోడ్ మంచిదని కాదు. 2 టన్నుల కాడ 3 టన్నుల యాక్సిల్ అయితే అది సుత ఐదింతలు చెడగొడతది, మన ఊరి రోడ్డునే.

లుక్ కోసం ఏసేటోళ్ల గురించి రెండు మాటలు చెప్త అన్న కదా. లీడర్ల కాన్వాయిలల్ల నల్ల బండ్లు, బయటికి పొడుసుకొచ్చిన టైర్లు సూసి, రీల్స్ సూసి ఏస్తరు. లైసెన్స్ ఇచ్చే సర్కారును నడిపే పెద్దమనుషులే అట్ల తిరుగుతుంటే పోరన్ని ఒక్కన్ని తిట్టి ఏం లాభం? సొంత బండి, సొంత పైసలు. బ్రేకు లెక్క, ఇన్సూరెన్స్ లెక్క తెలుసుకొని ఏసుకోండ్రి అంటా, అంతే. కిరాయికి తిప్పే బండి మీద మాత్రం లుక్ కోసం ఒక్క రూపాయి పెట్టకుండ్రి. ఆ బండి మీద ఇంట్ల నలుగురి తిండి ఉన్నది.

టైర్లు మార్చే టైము వచ్చినోళ్లు చెయ్యవలసింది శానా లేదు. ఆర్సీల ఉన్న సైజే తీసుకోండ్రి. ఆ సైజులనే రెండు మూడు రకాల లోడ్ ఇండెక్స్ ఉంటయి, కంపెనీ చెప్పిన దానికన్నా తక్కువది వద్దు. కమర్షియల్ టైరా కారు టైరా అని అడగండ్రి. తయారైన వారం, ఏడు మీ కండ్లతోని సూసుకోండ్రి. స్టెప్నీ సుత గదే సైజు ఉండాలె, లేకుంటె పంక్చర్ అయిన రాత్రి ఒక దిక్కు ఎత్తు, ఒక దిక్కు పల్లం మీద ఇల్లు చేరాలె. బిల్లు తీసుకోండ్రి. జీఎస్టీ 18 పడ్డదా, ఇంకేమన్న కథ చెప్పి ఎక్కువ గుంజిండా అన్నది ఆ బిల్లులనే తెలుస్తది.

ఇవన్నీ ఒక్కొక్కలు చేసేటివి. కలిసి చేసేది ఇంకొకటి ఉన్నది. మార్కెట్ యార్డుల, మిల్లు గేటు కాడ వేబ్రిడ్జి ఉంటది. ప్రతి బండి లోడుతోని ఒకసారి, ఖాళీగ ఒకసారి కాంటా ఎక్కుతది. చీటీ మీద బండి నంబరు, తారీకు, టైము, బరువు వస్తయి. ఓవర్‌లోడ్‌కు ఇంతకన్న పెద్ద సాక్ష్యం ఏం కావాలె? అధికారులు రోడ్డు మీద చేతులడ్డం పెట్టి బండ్లను ఆపే అవసరమే లేదు, యార్డు ఆఫీసుల ఆ కంప్యూటర్ తెరిస్తే సరిపోతది. ఆ చీటీ మీద బండి నంబరు పక్కన ఆర్సీల ఉన్న మొత్తం బరువు సుత అచ్చు కావాలె. అంతకన్న ఎక్కువ వస్తే సరుకు ఎక్కించినాయన పేరు, లైసెన్స్ నంబరు అండ్లనే పడాలె. కిరాయి ట్రిప్పుకు కాదు, క్వింటాలుకు ఇంత అని కిలోమీటర్ల వారీగ యార్డుల బోర్డు మీద రాయాలె. హమాలీ రేట్లు అట్లనే బోర్డు మీదికి వచ్చినయి, ఊరికే రాలేదు, హమాలీలు సంఘం కట్టి కూసుంటే వచ్చినయి. బండ్లోళ్లకు అది ఎందుకు కాదు?

మిర్చి, మక్కలు, యాసంగి వడ్లు ఒకదాని ఎనుక ఒకటి యార్డులకు వస్తయి. అప్పటిదాకా ఒక్క పని చేయండ్రి. మీ బండి ఎక్కిన ప్రతి కాంటా చీటీని ఫోటో తీసి పెట్టుకోండ్రి, సరుకు ఎవలదో, ఎంత ఏయమన్నరో, కిరాయి ఎంత ఇచ్చిండ్రో చీటీ ఎనుక రాసుకోండ్రి. ఒక్క యార్డుకు ఇరవై బండ్లు, ఒక్క సీజన్ చీటీలు జమైతే, మార్కెట్ కమిటీ ముందట ఏం పెట్టాల్నో, ఆర్టీఏ ముందట ఏం పెట్టాల్నో అప్పుడు కూసోని మాట్లాడదాం.